నాలుక కొట్టమన్నారు

నేను ఒక క్లారినెట్‌ని. ఆ పొద్దున రూతమ్మ నన్ను ఐదు ముక్కలుగా విప్పి, తువ్వాలులో చుట్టి, సంచిలో రెండు చొక్కాల మధ్య సర్దింది. ఆమె మరిది జకరయ్య సికింద్రాబాదులో మిలిటరీ బ్యాండు పరీక్షకు వెళ్తున్నాడు. నెగ్గితే ఉద్యోగం. లేకపోతే చీరాలలో పెళ్లి ఊరేగింపులకు ఎండలో నడకే.

నన్ను ఏ దేశంలో తొలిచారో గుర్తులేదు. ఒక సర్కసువాడు మద్రాసు పాతసామాన్ల కొట్లో వదిలేసి పోతే, ఇస్సాకు మాస్టారు తెచ్చుకున్నాడు. ఆయన పెళ్లిబ్యాండుకు పెద్ద. రూతమ్మ మొగుడు, జకరయ్యకు అన్న, గురువు కూడా.

ఆయన పాఠమంతా ఒక్కటే. "నాలుకతో కొట్టరా! తు, తు, తు!"

జకరయ్య కొట్టేవాడు. నా పీక అంటే నోట్లో ఆనే పలచటి రెల్లుబద్ద. దానిమీద వాడి నాలుక చెంపదెబ్బలా పడేది. స్వరం పుడుతూనే ఉలిక్కిపడేది.

"ఎవరిమీద ఉమ్ముతున్నావు అబ్బాయ్, నా మీదేనా?" అని రూతమ్మ నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వకుండా మొగుడితో అంది: "మీరు ఊదితే గడియ తీసినట్టుంటదండీ. వాడు ఊదితే తలుపు బాదినట్టుంది. కొట్టడం కాదేమో."

"ఊదనిదానివి, నీకేం తెలుసే?"

ఆమె చెప్పిందే నిజం. ఆ నాలుక తగిలేది నాకే గనక నాకు తెలుసు. మాస్టారు ఎన్నడూ కొట్టలేదు. గాలి ఆపకుండా నాలుక కొనను పీకకు ఆనించి, తీసేవాడు. ఆనితే మౌనం, విడిస్తే స్వరం. ముప్పై ఏళ్లు వాయించినా తన నోట్లో ఏం జరుగుతోందో ఆయన ఎరగడు. మనుషులు చేసేదొకటి, నేర్పేదొకటి. తిట్లు మాత్రం నేర్చుకునేవాడికి.

పరీక్షలో నాలుగు స్వరాలకే, పరీక్ష పెట్టే పెద్దాయన చెయ్యెత్తాడు. "చాలు. కొట్టమని ఎవరు చెప్పారు బాబూ? నాలుక తియ్యాలి."

"మా అన్నయ్యండీ."

గదిలో అందరూ నవ్వారు.

వారానికి జకరయ్య ఊరివాడొకడి చేత నన్ను ఇంటికి పంపాడు, ఒక చీటీతో. నెగ్గిందీ లేనిదీ అందులో రాయలేదు. "అన్నా, కొట్టకూడదంట. తియ్యాలంట. వదినకు చెప్పు."

మాస్టారు చీటీ చదివి, నన్ను బిగించి, తన నాలుకను తానే గమనిస్తూ ఊదాడు. తడబడ్డాడు. మళ్లీ ఊదాడు, మళ్లీ తడబడ్డాడు. ఆయన నన్ను మళ్లీ ముట్టుకోలేదు.

ఆ పరీక్షకని జకరయ్య 1971 జులై ఆరున చీరాలలో రైలెక్కాడు. తిరిగి రాలేదు.