వెంకట్రావు ఒప్పుకోని మాట

సూర్యప్రభ భర్త లోకంలోంచి పోయాడు కానీ, కొట్లోంచి పోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఉంది వాళ్ళ కొట్టు. పెద్దకర్మ ముగిశాక ఆవిడ మొదటిసారి షట్టర్ ఎత్తిన రోజు, ఒక కుర్రవాడు మార్కుల మెమో చాపి, "ఆంటీ, రెండు జిరాక్స్" అన్నాడు. మిషన్ వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"జిరాక్స్ కాదు బాబూ, ఫోటోకాపీ. జిరాక్స్ అనేది కంపెనీ పేరు."

భర్త వెంకట్రావు గొంతే. కుర్రవాడికి వినపడలేదు. ఆవిడ మాత్రం అదిరిపడి మిషన్ వెనక్కి తొంగి చూసింది. ఎవరూ లేరు. ఎవరు జిరాక్స్ అన్నా ఆ గొంతు దిద్దేది. నాలుగు రోజులకి ఆవిడ భయం పోయింది. పొద్దున్నే చంపాపేట్ నుంచి ఆటోలో వస్తూ, ఇవాళ ఆ మాట ముందుగా ఎవరంటారా అని ఎదురుచూడటం మొదలైంది.

వయసులో ఉండగా వెంకట్రావు వేరే కంపెనీ కాపీ మిషన్లు బాగుచేస్తూ ఆఫీసులన్నీ తిరిగాడు. వెళ్ళిన ప్రతిచోటా "జిరాక్స్ ఆయన వచ్చాడు" అనేవాళ్ళు. ఆయనకి ఒళ్ళు మండేది. "మన బిడ్డని పక్కింటాయన పేరుతో పిలిస్తే ఊరుకుంటామా?" అనేవాడు. ఏ వనస్పతి అయినా డాల్డా అయినట్టు, ఏ మిషన్ మీద తీసినా అది జిరాక్సే అని ఊరంతా ఒప్పుకుంది. ఆయనొక్కడే ఒప్పుకోలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా. సొంత కొట్టు పెట్టుకుని, బోర్డు మీద 'ఫోటోకాపీ' అని పెద్దక్షరాలతో రాయించాడు.

పిల్లలు సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, పక్కన టీకొట్టు లింగస్వామిని, "అన్నా, ఈడ జిరాక్స్ యాడ తీస్తరు?" అని అడిగేవాళ్ళు. వెంకట్రావు గుమ్మంలోంచి కేకేసి పిలిచి, పాఠం చెప్పి మరీ కాపీ తీసిచ్చేవాడు. ఇప్పుడు ఆ కేక లేదు. అందరూ సందు చివర కొత్త కొట్టుకి పోతున్నారు.

"అక్కా, గా బోర్డు మార్చు," అన్నాడు లింగస్వామి ఒకరోజు టీ తెచ్చిచ్చి. "లేకుంటే దుకాణం బంద్ జేసుకునుడే."

"ఆయన ఒప్పుకోరు లింగస్వామీ."

"అన్న యాడున్నడక్కా, ఒప్పుకోనీకి?" అన్నాడు మెల్లగా.

ఇక్కడే ఉన్నారని ఎలా చెబుతుంది? కొట్టు మూస్తే ఆ గొంతు వినే చోటు పోతుంది. బోర్డు మారిస్తే ఆ గొంతే పోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఏమండీ, ఏం చెయ్యమంటారు?" అని మిషన్ వైపు తిరిగి అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. పెళ్ళాం అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకి బతికున్నప్పుడే లేదు.

బోర్డు మారింది. ఎర్రటి అక్షరాలతో 'జిరాక్స్'. జనం విరగబడ్డారు. వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు. ఆవిడ చేతులు కాగితాల మీదున్నా చెవులు మాత్రం మిషన్ వెనకే ఉన్నాయి. ఆ రోజు గొంతు వినపడలేదు. మర్నాడూ లేదు, ఆ వారమంతా లేదు. మొదటిసారి ఆయన పోయినప్పుడు చుట్టాలంతా వచ్చి ఏడ్చారు. ఈసారి పోతే ఏడ్చేది తనొక్కతే. అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం హాస్టల్ పిల్ల ఒకతి గుమ్మంలో నిలబడింది. ఎవరు నేర్పారో ఏమో, "ఆంటీ, ఈడ ఫోటోకాపీ తీస్తరా?" అని అడిగింది.

మిషన్ వెనక గొంతు సవరించుకున్న చప్పుడు. సూర్యప్రభ గిరుక్కున అటు తిరిగింది.

"జిరాక్సే కదమ్మా," అంది ఆ గొంతు, బేరం పోతుందేమోనని భయపడే మనిషిలా, మెత్తగా. "తీస్తాం. లోపలికి రా."

ఆవిడ మిషన్ మూత మీద తల ఆనించి భోరుమంది. ఆ పిల్ల బెదిరిపోయి చూస్తోంది. లోకమంతా కలిసి బతికున్నన్నాళ్ళూ ఆయన చేత అనిపించలేని మాటని, పోయాక, తను అనిపించింది.