ఓబులేసు నీడ

బడి గంటకు ముందే మారెక్క కొడుకును చంకనెత్తుకుని వస్తుంది. ఓబులేసుకు పదేళ్లు. పోలియో వచ్చి రెండు కాళ్లూ పుల్లల్లా అయ్యాయి గానీ, బరువులో ఏ పిల్లాడికీ తీసిపోడు. వాణ్ణి వసారాలో దింపి, కాసేపు నడుము పట్టుకుని నిలబడి, ఆమె కూలికి పోతుంది. వాడు పిల్లలు విడిచిన చెప్పుల పక్కన కూర్చుని కిటికీలోంచి పాఠం వింటాడు. లోపల వాడికి చోటు లేదు. ఏ బెంచీ దగ్గరికి దేక్కుంటూ పోయినా "మాకే ఇరుకుగా ఉండాది, పోరా" అంటారు. అయ్యవారు ఆ మాట విని కూడా బోర్డు వైపు తిరుగుతాడు.

ఆటల గంట కొట్టగానే మాత్రం ఓబులేసు నీడ లేచి మైదానంలోకి పోతుంది. ఖోఖోలో దాన్ని పట్టినవాడు లేడు. నీడ తల మీద కాలు పెడితే అవుటు అని పిల్లలే కట్టుబాటు చేసుకున్నారు. అది మా జట్టుకంటే మా జట్టుకని కొట్టుకుంటారు. ఆ చుట్టుపక్కల మూడేళ్లుగా సరైన మబ్బు లేదు, కాబట్టి నీడకు సెలవూ లేదు. ఆట అయ్యాక అది వచ్చి ఓబులేసు కాళ్ల దగ్గర పడుకుంటే, వాడు దాని మీది దుమ్ము దులుపుతాడు.

ఆ ఏడు జూలైలో రాప్తాడులో మండలం పోటీలు పెట్టారు. ఆటలు నేర్పే శ్రీరంగప్ప సారు జట్టునంతా టెంపోలో ఎక్కించాడు. నీడనూ ఎక్కించుకున్నాడు. ఓబులేసును వసారాలోనే వదిలేసి పోయాడు.

సంగతి తెలిసేసరికి మారెక్క చేన్లో రాళ్లు ఏరుతోంది. ఒడిలోని రాళ్లు అక్కడే కుమ్మరించి బడికి పరుగెత్తింది. వాడు ఏడవడం లేదు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. కుంటోడు వద్దు, కుంటోడి నీడ కావాలి. ఇదేం బడి, వీళ్లేం మనుషులు? మిట్టమధ్యాహ్నం ఎండలో నీడ లేని బిడ్డను చంకనేసుకుని బస్సెక్కింది. దారి పొడవునా పళ్లు నూరుతూనే ఉంది.

వాళ్లు చేరేసరికి ఆట జరుగుతోంది. నీడ స్తంభం చుట్టూ గిర్రున తిరుగుతోంది. అంతలో పడమటి నుంచి మబ్బు వచ్చి ఎండను కప్పేసింది. జనమంతా ఆట మరిచి పైకి చూసి దణ్ణాలు పెట్టారు. తలలు దించి చూస్తే మైదానంలో నీడ లేదు.

జట్టు నాయకుడు చైతన్య పరుగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మా, నీడ యాడికో పోయింది. ఒకడు తక్కువైనాం."

మారెక్క ఓబులేసును గీత లోపల దింపింది. "నీడ పోతే పోనీ, మనిషి ఉండాడు గదా. ఆడించుకోండి."

"వాడెట్ల ఆడతాడు? నీకేమన్నా తిక్క పట్టిందా?" అన్నాడు సారు.

"తోలకొచ్చేటప్పుడు ఆ నీడ ఎవరిదో తెలీలేదా సార్?"

వాళ్ల మాటలు తేలేదాకా ఓబులేసు ఆగలేదు. అరచేతులు నేలకు ఊని, వరుసగా కూర్చున్న పిల్లల మధ్య నుంచి దేకాడు. ఎదుటి జట్టువాడు రెండు అంగల్లో వచ్చి వీపు చరిచాడు. జట్టు ఓడిపోయింది. వాడు మాత్రం ఒళ్లంతా మట్టితో నవ్వుతున్నాడు. ఆటలో వాణ్ణి ఒకరు తాకడం అదే మొదలు.

చినుకులు పడ్డాయి. అందరూ టెంపో వైపు పరుగు తీశారు. మారెక్క చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎత్తుకో పెద్దమ్మా, తడుస్తాండాడు," అన్నాడు చైతన్య.

"పదేండ్లు నేనే ఎత్తినా. కప్పు గెలిచింటే దాన్ని మోసేవాళ్లు గదా, వాణ్ణి మోయండి."

చైతన్య తలెత్తి సారు వైపు చూశాడు. సారు గడియారం చూసుకున్నాడు. చివరికి చైతన్యే వంగి వీపు ఇచ్చాడు.

మర్నాడు ఎండతో పాటు నీడా వచ్చింది. ఆటల గంట కొట్టినా అది ఓబులేసు కాళ్లను వదల్లేదు. పిల్లలు పిలిచారు, బతిమాలారు. అది కదల్లేదు. నీడ కావాలంటే వాణ్ణి ఎత్తుకుపోక తప్పలేదు. నీడకు కట్టుబాటు చేసుకున్నవాళ్లే వాడికీ ఒకటి చేసుకున్నారు: ఓబులేసును తరిమేవాడు కూడా దేకాలి. ఆట అయ్యాక వాణ్ణి మళ్లీ చెప్పుల పక్కన దింపడానికి వాళ్లకు మొహం చెల్లలేదు. లోపలికి తెచ్చారు. చైతన్య బెంచీ మీద జరిగి కూర్చున్నాడు.

కొన్నాళ్లకు శ్రీరంగప్ప సారు నవ్వుతూ అడిగాడు, "ఇప్పుడు సంతోషమేనా మారెక్కా?"

"నీడ మొండికేస్తే గానీ పిల్లోడు మీ కంట్లో పడలేదు సార్. సంతోషం యాడనుంచి వస్తాది?" అని, కొంగు బిగించి ఆమె విత్తనం పనికి పోయింది.