పెర్ల్ కాలి నాడా

విమలమ్మ పైపు పట్టుకుని తెల్ల గుర్రం పెర్ల్ ముంగాలి మీద చల్లటి నీళ్లు వదులుతోంది. ఎంతసేపు వదిలినా వాపు తగ్గడం లేదు. చెయ్యి వేస్తే కాలు కాగుతున్న గిన్నెలా ఉంది. నిన్న ఊరేగింపులో పటాకులకు బెదిరి డివైడర్‌కు కొట్టుకుంది గుర్రం. అయినా పెళ్లికొడుకు దిగలేదు, డీజే బండీ ఆగలేదు.

కాప్రా అవతల ఉన్న ఈ తబేలాలో గుర్రాలన్నీ పరాయివే. నెలనెలా డబ్బు కట్టి ఎవరివి వాళ్లు ఇక్కడ ఉంచుకుంటారు. ఆదివారం వచ్చి ఎక్కి తిరిగి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. పెర్ల్ బేగంపేటలో ఉద్యోగం చేసే క్యారల్‌ది. తన గుర్రం వారమంతా హాయిగా గడ్డి మేస్తోందని ఆ పిల్ల నమ్మకం. పెళ్లిళ్లు మొదలైతే చాలు, మేనేజర్ రఘునాథ్ తెల్ల గుర్రాలను బరాత్‌లకు అద్దెకు తిప్పుతాడు. డబ్బు కట్టేవాళ్లకు తప్ప ఆ సంగతి అందరికీ తెలుసు.

విమలమ్మకూ తెలుసు. భర్త వీరయ్య పోయాక, గుర్రాలను చూసుకునే అతని పని ఆమెకే ఇచ్చారు. దాణా కొట్టు పక్కన గది కూడా ఇచ్చారు. నోరు విప్పితే ఆ గది ఉండదు. అందుకే ఇన్నాళ్లూ విప్పలేదు.

రఘునాథ్ ఫోన్ చెవిన పెట్టుకుని వచ్చాడు. "ఏందమ్మా, ఇంకా తయారు చెయ్యలే? రెజిమెంటల్ బజార్ల పెండ్లి. గుర్రాన్ని తీస్కపోను బండి వస్తున్నది."

"కాలు జెర చూడుండ్రి సార్. ఇయ్యాల ఇది నడ్వది."

"సూది ఇస్తా. నొప్పి తెల్వది, మంచిగ నడుస్తది."

"నొప్పి తెల్వకుంటే కాలు మంచిగైనట్టా? తెల్వక ఇంకింత తొక్కుతది. మల్ల లేవనే లేవది."

"పరేషాన్ చెయ్యకు. నీ గది సంగతి యాదిల పెట్టుకో. చెవులల్ల దూది పెట్టి జీను కట్టు." సూది తేవడానికి ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

బరాత్‌కు పంపే ప్రతిసారీ చెవుల్లో దూది పెట్టడం విమలమ్మ పనే. అదేదో గుర్రం మీద దయ అనుకునేది. బ్యాండు వినపడకుండా గుర్రానికి దూది, నొప్పి తెలియకుండా సూది, నోరు లేవకుండా తనకో గది. ఇంతకాలం తననూ కట్టేసి మేపుతున్నారని అర్థమయ్యేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

దూది ఉండను అవతల పారేసి పట్టకారు అందుకుంది. వాచిన కాలిని ఒళ్లోకి తీసుకుని, మేకులు ఒక్కొక్కటీ వదులు చేసి ఇనుప నాడాను ఊడదీసింది. పెర్ల్ కదలకుండా నిలబడింది. నాడా లేని గుర్రాన్ని తారురోడ్డు ఎక్కిస్తే డెక్క చీలిపోతుంది. నాడాలు కొట్టే ఐజాక్ రేపటిదాకా రాడు. తర్వాత ఫోన్ తీసి వాచిన కాలిని ఫొటో తీసింది.

సూదితో తిరిగొచ్చిన రఘునాథ్ ఆమె చేతిలోని నాడాను చూసి ఆగిపోయాడు.

"ఊడిపోయిందా?"

అవునంటే సరిపోయేది. గది మిగిలేది.

"ఊడలే సార్. నేనే పీకిన. క్యారల్ మేడమ్‌కు కాలు ఫొటో సుత పంపిన. బరాత్‌ల సంగతి గూడ చెప్పిన."

రఘునాథ్ మొహం నల్లబడింది. "గది ఖాళీ చెయ్! ఇప్పుడే!"

"చేస్త. ముందుగాల దీని వాపు తగ్గనీ." విమలమ్మ నాడాను అతని చేతిలో పెట్టి మళ్లీ పైపు అందుకుంది.

బయట బండి హారన్ మోగింది. రఘునాథ్ గేటు వైపు తిరిగి అరిచాడు. "పాల్! గేటు తీయ్! ఆ రెండో తెల్ల గుర్రాన్ని ఎక్కించు!"

గడ్డి మోపులు దించుతున్న పాల్ కూడా తబేలా పనివాడే. ఆ రెండో గుర్రం అతని చేతుల మీద పెరిగింది. అతను గేటు గొళ్లెం వైపు చూశాడు. విమలమ్మ వైపు చూశాడు. నడుముకు కట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, మోపు మీద కూర్చున్నాడు.

హారన్ మోగుతూనే ఉంది.