తొట్టి అడుగున పాత నూనె

సింగపూర్‌లో తెలుగువాళ్లందరూ కంప్యూటర్ల వెంట పరుగెత్తే రోజులవి. కాత్యాయని మాత్రం ఫ్యాక్టరీల పేట తువాస్‌లో ఉక్కు రేకులు సాగదీసే మిల్లులో ఇంజనీరు. "ఇంకా ఆ జిడ్డేనా? చాంగీ వచ్చెయ్, మా ఆఫీసులో చల్లగా ఏసీ" అని మొగుడు నవనీత్ రోజూ దెప్పేవాడు.

రేకు రోలర్ల మధ్య నలిగేటప్పుడు, నీళ్లలో నూనె కలిపి మజ్జిగలా దాని మీద ధారపోస్తారు. పాత రకం నూనెతో రేకులు, ఆ తర్వాత కాల్చే కొలిమిలోంచి గోధుమరంగు మచ్చలతో వచ్చేవి. కాత్యాయని పోరి పోరి కొత్త రకం తెప్పించింది. మేనేజరు సుధాకరరావు ఒక్కటే మాటన్నాడు: "మచ్చ పడిందా, నీ నూనె వెనక్కి. మళ్లీ నన్నడక్కు."

మచ్చలు పడ్డాయి. పైగా తొట్టి కుళ్లిన గుడ్డులా కంపు.

నీళ్లు చూసింది, పాళ్లు చూసింది, తప్పు దొరకలేదు. చివరికి తొట్టి చూసే పైడిరాజును పట్టుకుంది. తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం ఆయనది.

"అంకుల్, పాతదంతా వంపేశాకే కొత్తది పోశారా?"

"వంపేశానమ్మా. అడుగున జానెడు మట్టుకు ఉంచాను."

"ఎందుకూ?"

"తోడెయ్యకుండా పాలు పెరుగవుతాయేటి? కొత్త నూనె మిల్లుకి అలవాటు పడొద్దా? మా అయ్య నాటి నుంచీ ఇదే పద్ధతి."

కాత్యాయనికి నెత్తి బాదుకోవాలనిపించింది. ఏళ్లుగా యంత్రాల్లోంచి కారిన జిడ్డూ మురుగూ అంతా ఆ జానెడులోనే ఉంది. తోడు దివ్యంగా తోడుకుంది! పెద్దాయన ముఖం చూసి తిట్లు మింగింది.

"తొట్టి కడిగి కొత్తదే ఇంకొక్కసారి పోద్దామండీ" అని మేనేజరును బతిమాలింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. పాతదే పొయ్యండి."

పైడిరాజు ఆ మాటలు విని సిగ్గుపడి, తొట్టిలో దిగి ఇత్తడి బిందె తోమినట్టు తోమాడు. అందులో పాత రకం పోశారు. రేకు మచ్చ లేకుండా, వెండి పళ్లెంలా వచ్చింది.

"చూశావా? పాతదే మేలు" అన్నాడు సుధాకరరావు.

"తొట్టి కడిగినందుకండీ..."

"మళ్లీ తొట్టేనా!"

కొత్త డ్రమ్ములు లారీ ఎక్కుతున్నాయి. పైడిరాజు చెంబు పుచ్చుకుని మెల్లగా పక్కన చేరాడు. "అమ్మా, దిగులుపడకు. ఆ కొత్తదాంట్లోంచి ఓ చెంబుడు తెచ్చి మన తొట్టిలో కలిపేస్తాను. నీదీ ఉన్నట్టుంటాది."

"వద్దంకుల్!"

మిల్లు మోతను మించి వినబడింది ఆ కేక.