చిత్రిక పొట్టు రమ్ము

ఇలా రా కొలీన్, ఆ పీట లాక్కుని నా మోకాలి దగ్గర కూర్చో. దూరంగా ఉన్నావంటే నా మాటల్ని గాలి సముద్రం పాలు చేస్తుంది. రేపటి నుంచి మన దుకాణంలో కౌంటరు వెనక నిలబడేది నువ్వే. అక్కడ నీకంటే ముందు నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి సంగతి నీకు తెలియాలి. మీ తాత నోరిస్ సంగతి.

మన విండ్‌వర్డ్ ఊళ్ళో రమ్ము తాగడం అంటే ఏముంది గనక? చిన్న గ్లాసులో జాక్ ఐరన్ అనే ఘాటు రమ్ము, పక్కన గ్లాసెడు నీళ్ళు. తల వెనక్కి వంచి గొంతులో పోసుకోవడం, మొహం చిట్లించడం, నీళ్ళు తాగడం. దాని ఘాటు ఎంతంటే మంచుముక్క వేస్తే తేలదు, రాయిలా అడుక్కి పోతుంది. మీ తాతవాళ్ళ నాన్న ఈ దుకాణంలో ముప్పై ఏళ్ళు అదొక్కటే పోశాడు. ఇంకోటి కావాలని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మీ తాత అలా కాదు. ఆయన తాగేది బహు తక్కువ. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"వెరీనా, ఇటు రావే. ముందు చెరుకు పాకం కాగుతున్న వాసన. దాని వెనక మగ్గిన అరటిపండు. అన్నిటికంటే చివర తడిసిన తాడు. తెలుస్తోందా?"

"రమ్ము వాసన తెలుస్తోంది."

"నీ ముక్కు చేపల కోసం పుట్టిందే," అని నవ్వేవాడు.

ఆ మనిషి రమ్ములో కలపని వస్తువు లేదు. చింతపండు, ఎర్ర గోగుపూలు, జాజికాయ, లక్ష్మణఫలం గుజ్జు, చేదు బెరళ్ళు. ఒకసారి సముద్రపు నాచు ఉడకబెట్టి కలిపాడు. మనుషులెవరూ ముట్టకపోతే మా మేకకు పోశాడు. ఆ మేక మూడు రోజులు మా ఇద్దరి వంకా చూడనైనా చూడలేదు. నేను తిట్టేదాన్ని. తిడుతూనే జాజికాయ తురిమి ఇచ్చేదాన్ని. ఒక మనిషి ఒకదాన్ని అంతగా ప్రేమించడం చూస్తుంటే తిట్టు నోట్లోనే మెత్తబడిపోతుంది.

మా మంచం కింద ఒక గాజు కూజా ఉండేది. అందులో మీ తాతవాళ్ళ నాన్న పోతూ పోతూ వదిలిన పాత రమ్ము, గ్రెనడాలో ఎప్పుడో మూతపడ్డ బట్టీది. తేనె రంగు. అలాంటిది మళ్ళీ పుట్టదు. ఏ కొత్త పానీయం కలిపినా చివర అందులోంచి రెండు చుక్కలు వేసేవాడు. మా పెళ్ళినాడు నాకు ఇచ్చింది కూడా ఒక్క చెంచాడే!

ఆ రోజుల్లో మా అన్న ఆల్విన్ ఒడ్డున పడవ కడుతున్నాడు. రెండేళ్ళ పని. దానికి మా అమ్మ పేరే పెడతానన్నాడు, యూజీనియా అని. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. రోజూ సాయంత్రం మీ తాత వెళ్ళి, అన్న చిత్రిక పట్టిన పొట్టును సంచిలోకి ఎత్తుకునేవాడు.

"ఏం బావా, మేకకు పరుపు కుడుతున్నావా?"

"రమ్ములో వేస్తా బావా. పీపా చెక్కలో పడుకుంటేనే కదా రమ్ముకి బుద్ధొచ్చేది! నీ దేవదారు మాత్రం చెక్క కాదా?"

"అంటే నా పడవ నీళ్ళలో పడకముందే తాగేస్తావన్నమాట."

పెనం మీద ఆ పొట్టును వేయించడానికే మీ తాతకు ఎన్ని నెలలు పట్టిందో! ఎక్కువ వేగితే బూడిద రుచి, తక్కువైతే జిగురు. చివరికి కుదిరింది. వేయించిన పొట్టు రమ్ములో తొమ్మిది రోజులు నానాలి. వడగట్టి, చెరుకు పాకం, పుల్ల నారింజ రసం, పైన జాజికాయ, ఆఖర్న కూజాలోంచి రెండు చుక్కలు. నేను ఒక గుక్క తాగాను. నా జన్మలో మొదటిసారి రమ్ములో ఇంకేదో తగిలింది. చిన్నప్పుడు నాన్న పడవలో అడుగుచెక్క మీద బోర్లా పడుకుంటే ముక్కుకు తగిలిన వాసన, ఎండా ఉప్పూ కలిసిన వాసన. నాకు ఏడుపొచ్చింది. మీ తాత కంగారుపడి, "పులుపు ఎక్కువైందా?" అన్నాడు.

పడవ దించే రోజు ఊరందరికీ అదే పోస్తానని మా అన్న వెంట పడ్డాడు.

"పడవ దించేనాడు జాక్ ఐరనే తాగాలి. తాతల కాలం నుంచీ అంతే," అన్నాడు అన్న.

"తాతలకు ఇది తెలియదు కదా బావా!"

నెల రోజులు సతాయించాక అన్న దిగొచ్చాడు. "సరే. కానీ నీ కషాయం వల్ల నా పడవ దిగే వేళకు సముద్రపు పోటు తప్పిందో, ఆనాటి నుంచి నువ్వు కలపడం మానెయ్యాలి. మీ నాన్నలాగా పోసి ఊరుకోవాలి. చెయ్యి వెయ్యి."

నేను మీ తాత మోచెయ్యి పట్టి వెనక్కి లాగాను. అప్పటికే చేతిలో చెయ్యి పడిపోయింది. దుకాణంలో ఉన్న రమ్మంతా, ఒక్క సీసా మిగల్చకుండా, పెద్ద తొట్టెలో కలిపేశాడు. కొత్త పీపాలు మళ్ళీ శనివారం గాని రావు.

పడవ దించే రోజు పొద్దున ఫాదర్ వచ్చి దీవించాడు. పడవ ముందు కొమ్ము దగ్గర పొట్టేలును కోశారు. డప్పులు మోగుతున్నాయి. ఊళ్ళోకల్లా పెద్ద ముసలిది జెలీన్ అవ్వ, పోయినవాళ్ళ పేరున రమ్ముతో నేల తడపాల్సింది ఆవిడే. గ్లాసు అందుకుని వాసన చూసింది.

"ఇదేంట్రా నోరిస్?"

"రమ్మే అవ్వా."

"మరి దానికి ఆదివారం గౌను తొడిగావేంటి?"

అందరూ నవ్వారు. వేరే రమ్ము లేదు కాబట్టి గొణుక్కుంటూ దాన్నే నేల మీద పోసింది.

ఇక జనం తాగడం మొదలుపెట్టారు. జాక్ ఐరన్ అయితే రెండో గ్లాసుకే గొంతు వద్దంటుంది. దీనికి మొహం చిట్లించే పని లేకపోయేసరికి ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియలేదు. మీ తాత ఆ మురిపెంలో గ్లాసు ఖాళీ అయిన ప్రతివాడికీ పోస్తూనే ఉన్నాడు. గొడ్డళ్ళవాళ్ళను అన్న తాగనివ్వలేదు గనక పడవను నిలబెట్టిన ఊతకర్రలు సరిగ్గానే నరికారు, పడవ మెల్లగా దొర్లే దుంగల మీదికి పక్కకు ఒరిగింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు పాటకు తగ్గట్టు ఒక్కసారే లాగాలి. కానీ ఒకడు పాట మొదలు దగ్గర లాగుతాడు, ఇంకొకడు చివర దగ్గర లాగుతాడు, మూడోవాడు నవ్వుతూ కూలబడతాడు. సగం దూరం వెళ్ళి పడవ తడి ఇసుకలో కూరుకుపోయింది. నీళ్ళు ఇంకా పది బారల దూరం.

పోటు నిండడానికి గంట కూడా లేదు. అంతటి పోటు మళ్ళీ రెండు వారాలకు గాని రాదు. అన్నాళ్ళు ఆ ఎండకు పక్కకు పడుంటే చెక్కల అతుకులు నోళ్ళు తెరుస్తాయి. మా అన్న మీ తాతను చూశాడు. తాడు భుజాన వేసుకుని ఒక్కడే లాగబోయాడు.

జెలీన్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "మీ అత్త యూజీనియాకు తన రమ్ము ఇంకా అందలేదురా. బతికున్నవాళ్ళకు నువ్వు ఏం కలిపి పోసినా సరే. పోయినవాళ్ళకు మాత్రం వాళ్ళెరిగిన రుచే పెట్టాలి. లేకపోతే మన వాకిలి ఎలా గుర్తుపడతారు?"

మీ తాత ఇంటికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. ఆ కూజాను పసిబిడ్డలా రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నడిచి వచ్చాడు.

"నోరిస్, ఒక గ్లాసు చాలదా?" అన్నాను, ఆయనకు మాత్రమే వినబడేలా.

"మీ అమ్మకు కొలిచి పోయమంటావా?"

ముందు కొమ్ము నుంచి వెనక కొమ్ము దాకా, ఆ పక్కా ఈ పక్కా, పడవ చుట్టూ పోసుకుంటూ వెళ్ళాడు. మా అమ్మ పేరు చెప్పాడు, వాళ్ళ నాన్న పేరు చెప్పాడు. ఆఖరి చుక్క దాకా వంపేశాడు. తడిసిన ఇసుకలోంచి ఆ వాసన లేచింది చూడు! అప్పుడు నా చేపల ముక్కుకు కూడా తెలిసింది. పాకం, మగ్గిన అరటిపండు, చివరాఖరికి తడి తాడు. నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు. డప్పులు ఆగిపోయాయి. ఎవరో పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి అందరి చేతులూ ఒక్కసారే కదిలాయి.

యూజీనియా నీళ్ళలోకి దిగింది.

ఆ కాసేపట్లో పోటు ఇంకాస్త పెరిగింది, జనానికి మత్తు దిగింది, అంతే అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను వాళ్ళతో వాదించను.

పోటు తప్పలేదు, మాట ప్రకారం మీ తాత గెలిచినట్టే. అయినా ఆయన తొట్టె మీద గుడ్డ కప్పి, ఇంటికి ఈడ్చుకుపోవడానికి వంగాడు. ఇక జన్మలో ఏదీ కలపడని నాకు అర్థమైంది. జెలీన్ అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"ఎక్కడికిరా మోసుకుపోతున్నావు? పోయినవాళ్ళది వాళ్ళు తాగారు. బతికున్నవాళ్ళం ఇక్కడే ఏడ్చాం కదా!"

గ్లాసు తీసుకుంది. తాగింది. పళ్ళు లేని నోట్లో చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. "ఇందులో పడవుందిరా," అంది.

మెడ దాకా తడిసిన మా అన్న వచ్చి తనూ ఒక గ్లాసు ముంచుకున్నాడు. సముద్రం మీద తేలుతున్న పడవనే చూస్తూ తాగి, "పొట్టు అయిపోయింది బావా. నీ కోసం ఇంకో పడవ మొదలెట్టాలి," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు మీ తాత.

ఆ కూజా చుక్కలు లేక ఆ రుచి మళ్ళీ అచ్చంగా రాలేదు. వాటి బదులు వేలి కొసన పట్టేంత ఉప్పు వేసి చూశాడు, అదే నిలిచింది. కౌంటరు చివర ఎప్పుడూ ఒక సీసా ఏమీ కలపని రమ్ము ఉండేది. పొద్దున తలుపు తీయగానే అందులోంచి ఒక మూతెడు నేల మీద పోసి, ఆ తరువాతే గోగుపూలూ నారింజలూ ముట్టుకునేవాడు. అక్కడ నేల మీద నల్లటి మరక ఉంది చూశావా? మీ అమ్మ రెండుసార్లు కడగబోతే చీపురు లాక్కున్నాను.

నువ్వు నీ ఇష్టం వచ్చినవన్నీ కలుపు తల్లీ, నాచు ఒక్కటి వద్దు. మేకను చూస్తే జాలి. కానీ రేపు తలుపు తీసి మూతెడు పోసేటప్పుడు ఆయన పేరు పైకి అను. పొట్టు ఎందుకు వేస్తారని గ్లాసు పట్టుకున్నవాళ్ళు ఎవరైనా అడిగితే, వాళ్ళను కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పు, ఎక్కడా తగ్గించకుండా. నేను మర్చిపోయే రోజు వస్తే, నాకూ చెప్పు.