సక్కుబాయి పెట్టిన అభ్యంతరం

కోపం ముందు పుట్టి నేను తర్వాత పుట్టానని మా ఆయన తిమ్మప్ప అంటుంటాడు. అననీ. గోపన్‌పల్లిలో అరవై మంది ఆడపిల్లలున్న హాస్టల్ నడపాలంటే ఆ మాత్రం కోపం ఉండాల్సిందే. కదిరి నుంచి వచ్చి ఈ హాస్టల్ పెట్టి పన్నెండేళ్లయింది. ఇన్నేళ్లలో నేను గర్వంతో తలెత్తుకున్నది మాత్రం మా వంటగదిలో చపాతీలు కాల్చే సక్కుబాయి వల్ల.

సక్కుబాయిది ఈ ఊరే. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. పనిచేసుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసింది. సర్కారు ఉద్యోగానికి పరీక్ష రాస్తానని చెప్పినప్పుడు నేను నవ్వేశాను. పొద్దున ఇడ్లీలు, రాత్రి చపాతీలు, చేతులకు ఎప్పుడూ పిండే, ఇక పుస్తకం పట్టుకునేదెప్పుడు?

దానికి మా పిల్లలే ఒక పద్ధతి కనిపెట్టారు. హైటెక్ సిటీలో పని ముగించుకుని వచ్చి పళ్లేలతో వరుసలో నిలబడతారు కదా, పళ్లెంలో చపాతీ పడాలంటే ఒక్కొక్కరూ ఒక కరెంట్ అఫైర్స్ ప్రశ్న అడగాలి.

"సక్కక్కా, కాప్ ఇరవై తొమ్మిది ఎక్కడ జరిగింది?"

"అజర్‌బైజాన్ల, బాకుల."

చపాతీ పడేది.

"మన రాష్ట్రంలో టైగర్ రిజర్వులు ఎన్ని?"

"రెండు. అమ్రాబాద్, కవ్వాల్."

ఇంకో చపాతీ. కూర చల్లారిపోతోందని నేను అరిచేదాన్ని. ఎవరూ వినేవాళ్లు కాదు. అలా ఏడాదిన్నర పాటు ప్రపంచమంతా మా పెనం ముందుకు వచ్చిపోయింది.

పరీక్ష రాసింది. వారం తర్వాత సరైన జవాబులతో ప్రాథమిక కీ వచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి కొన్ని రోజుల గడువిచ్చి, ఆ తర్వాత అసలు కీ ఇస్తారట. భీమవరం పిల్ల సంయుక్త కూర్చుని సక్కుబాయి జవాబులన్నీ సరిచూసింది. కటాఫ్ అంచున ఆగింది లెక్క. ఒక్క మార్కు ఎక్కువైతే గట్టెక్కుతుంది, లేకపోతే ఇంకో నోటిఫికేషన్ ఎన్నేళ్లకో.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వంటగదిలోకి వెళితే, పిండి కలుపుతూ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమే, ఎందుకు ఏడుస్తాండావు?"

"ఒక్క బిట్టు పోయిందమ్మా. సూర్యుని దిక్కు పోయిన ఆదిత్య ఎల్1 కక్ష్యలకు చేరింది ఏ సంవత్సరమని అడిగిన్రు. నేను ఇరవై నాలుగు పెట్టిన. కీల ఇరవై మూడు అని ఇచ్చిన్రు."

"నువ్వే తప్పు పెట్టింటావు."

"కాదమ్మా. ఇరవై మూడుల పంపిన్రు, ఇరవై నాలుగుల చేరింది. ఆ దినం శనివారం. టీవీల చెప్తుంటె చూసుకుంట నిలబడ్డ, మిర్చి బజ్జీలు మాడినయ్. మీరు తిట్టిన తిట్లు ఎట్ల మర్చిపోత? కొత్త సంవత్సరం వచ్చి వారం గూడ కాలే. జనవరి ఆరు."

నాకూ గుర్తొచ్చింది. ఆకాశంలో ఏం తిరిగితే నీకేమే, ముందు మూకుడు చూడు అని నలుగురిలో కడిగేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

"మరి అభ్యంతరం పెట్టలేదేమి?"

"పెద్ద పెద్దోళ్లు చేసిన కీ అమ్మా. చపాతీలు చేసెటిది తప్పని చెప్తె నవ్వరా?"

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. "నగినోళ్ల పండ్లు రాలగొడతా. గడువు ఎప్పటిదాకా?"

"ఇయ్యాల అయిదింటి దాక."

అప్పటికి మూడున్నర. చేతులు కడుక్కోమని చెప్పి, సంయుక్తకు ఫోన్ చేసి, స్కూటీ వెనక ఎక్కించుకుని సంయుక్త ఆఫీసుకు బయల్దేరాను. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను తిట్టుకుంటుంటే, వెనక సక్కుబాయి హాల్‌టికెట్‌ను గుండెలకు అదుముకుని కూర్చుంది.

ఆఫీసు లోపలికి మమ్మల్ని రానివ్వరు కదా, సంయుక్తే లాప్‌టాప్ పట్టుకుని కిందికి వచ్చింది. గేటు బయట టీ బండి పక్కన సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. కారణం ఇంగ్లిషులో రాయాలట.

"అక్కా, మీరు చెప్పండి, నేను టైప్ చేస్తాను," అంది సంయుక్త.

సక్కుబాయి ఒకసారి గొంతు సవరించుకుంది. "ఆదిత్య ఎల్1ను 2023 సెప్టెంబర్ రెండున శ్రీహరికోట నుంచి పంపిన్రు. భూమికి దగ్గర దగ్గర పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంల ఎల్1 అని ఒక బిందువు ఉంటది. దాని చుట్టు ఉన్న హాలో కక్ష్యలకు 2024 జనవరి ఆరున చేరింది. ప్రశ్నల అడిగింది పంపిన సంవత్సరం కాదు, చేరిన సంవత్సరం. అందుకని సరైన జవాబు 2024."

ఎక్కడా తడబడలేదు. టీ తాగుతున్న నలుగురైదుగురు ఇటు తిరిగారు. అందులో సంయుక్త మేనేజర్ గిరీష్ కూడా ఉన్నాడు.

"మేడం సైన్స్ టీచరా?" అని అడిగాడు.

సక్కుబాయి తల దించుకుంది. నేను దించుకోలేదు.

"మా హాస్టల్లో చపాతీలు చేస్తుంది సార్. మీ సంయుక్త రోజూ తినేది ఈమె చేతి తిండే," అన్నాను.

అతను టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇస్రో ప్రకటన కూడా జత చెయ్యి సంయుక్తా, అది లేకపోతే పరిగణించరు," అని పక్కనే నిలబడి చూశాడు. నాలుగూ నలభైకి అభ్యంతరం చేరినట్టు తెరమీద కనిపించింది.

నెల తర్వాత అసలు కీ వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు 2024 అని మార్చారు. అభ్యంతరం ఇంకా చాలామంది పెట్టి ఉంటారని సంయుక్త అంటుంది. పెట్టనీ, నాకు తెలిసి పెట్టింది సక్కుబాయి ఒక్కతే. ఆ మార్కుతో గట్టెక్కింది, జాబితాలో పేరొచ్చింది. ఆ పూట చపాతీలు నేను కాల్చాను. మాడాయని పిల్లలు నన్నే తిట్టారు.

మొన్న సర్టిఫికెట్ల పరిశీలనకు ఫారం నింపుతోంది. ప్రస్తుతం చేస్తున్న పని అనే గడి దగ్గర పెన్ను ఆగింది. అక్కడెవరైనా చులకనగా చూస్తారేమోనని నాకు భయమేసింది.

"గృహిణి అని రాయి, ఎవరూ ఏం అడగరు," అన్నాను.

సక్కుబాయి నా మొహంలోకి చూసింది. "మీరే గిట్లంటె ఎట్లమ్మా? పరీక్షల గూడ అబద్ధం జవాబు పెట్టలే నేను."

మళ్లీ తల వంచి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది: వంటమనిషి, మహిళల హాస్టల్, గోపన్‌పల్లి.

ఆమె పెన్ను అడిగి తీసుకుని, యజమాని సంతకం చేయాల్సిన చోట నా పేరు పూర్తిగా రాశాను.