కడగని సీసా

2003 వేసవి నాటికి శివరామకృష్ణ రీసెర్చిలో చేరి రెండో ఏడు. దర్శి దగ్గర పత్తి, మిరప వేసే ఇంటి నుంచి గుంటూరు వచ్చి ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పడ్డాడు. అతని పనంతా జానెడు ప్లాటినం తీగ మీద. దాన్ని పలచటి పెర్‌క్లోరిక్ యాసిడ్‌లో ముంచి, ఆక్సిజన్ పంపి, తీగ మీద ఎంత కరెంటు వస్తుందో కొలవాలి. ఆ యాసిడే ఎందుకంటే దాని అయాన్లు ప్లాటినాన్ని పెద్దగా అంటుకోవు. సల్ఫ్యూరిక్ యాసిడ్ అలా కాదు. అందులో ఉండే సల్ఫేట్, బైసల్ఫేట్ అయాన్లు, బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపేవాళ్ళలా, తీగ మీద చోటంతా పట్టేస్తాయి. ఆక్సిజన్‌కి చోటు మిగలదు.

ఏప్రిల్‌లో కరెంటు సగానికి పడిపోయింది. మూడు వారాలు తంటాలు పడ్డా లేవలేదు. గైడు చెంచురామయ్య గారు అందరి ముందూ నిలదీశారు.

"ఏమయ్యా, మార్చిలో వచ్చిన గ్రాఫు ఇప్పుడెందుకు రాదు?"

శివరామకృష్ణకి ముఖం మాడిపోయింది. నోటికొచ్చిన కారణం చెప్పేశాడు.

"గాజుసామాను సరిగ్గా కడగట్లేదండి. డిస్టిల్డ్ వాటర్ కూడా అనుమానమే. ఎన్నిసార్లని చెప్పమంటారు సార్? వాళ్ళకి శుభ్రం అంటే ఏం తెలుస్తుందండీ?"

గదిలో అయిదుగురున్నారు. 'వాళ్ళు' అంటే ఎవరని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

గుమ్మంలో నీళ్ళ డబ్బాతో జక్రయ్య నిలబడి ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ల్యాబు అటెండరు, వాళ్ళ పేట చర్చిలో సంఘపెద్ద. డబ్బాని చప్పుడు కాకుండా కింద పెట్టి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా అతన్ని హాస్టలు వెనక మోటారు షెడ్డుకి మార్చారు.

కొత్త అటెండరు వచ్చాడు. కరెంటు మాత్రం లేవలేదు. శివరామకృష్ణ గాజుసామాను తనే కడుక్కున్నాడు. అయినా అంతే. ఒక మధ్యాహ్నం, జూనియర్ స్కాలర్ స్తుతి అతని బల్ల మీద బేరియం క్లోరైడ్ సీసా తెచ్చి పెట్టింది.

"అన్నా, అందరి నీళ్ళూ అనుమానించావు. నీ యాసిడ్‌ని ఒక్కసారి చూశావా?"

ఆమె గొంతులో కోపం లేదు. అతని కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఆ మాట అన్న రోజు గదిలో ఉన్న అయిదుగురిలో ఆమె ఒకతి.

ఆమె వెళ్ళాక రెండు పరీక్షనాళికలు తీశాడు. ఒకదాన్లో, జక్రయ్య చివరగా తెచ్చిన డబ్బాలో మిగిలిన నీళ్ళు. రెండోదాన్లో తను కలిపిన యాసిడ్. రెండింట్లోనూ బేరియం క్లోరైడ్ రెండేసి చుక్కలు వేశాడు. సల్ఫేట్ ఉంటే తెల్లగా విరగాలి. నీళ్ళు తేటగా ఉన్నాయి. యాసిడ్ మజ్జిగలా తెల్లబడింది. సల్ఫేట్.

అప్పుడు గుర్తొచ్చింది. దర్శి బస్సు తప్పిపోతుందని హడావుడిలో, మురికి పోవడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి నానబెట్టిన సీసాలో ఒకే ఒక్కసారి నీళ్ళు పోసి ఒంపేసి, అందులోనే కొత్త పెర్‌క్లోరిక్ యాసిడ్ కలిపాడు. సీసా మీద చీటీ, తేదీ అన్నీ తన చేతిరాతే.

మర్నాడు వేరే సీసాలో కలిపాడు. కరెంటు మార్చిలో వచ్చినంతా వచ్చింది. చెంచురామయ్య గారు గ్రాఫు చూసి భుజం తట్టారు.

"చూశావా, మనిషిని మార్చగానే దారికొచ్చింది!"

శివరామకృష్ణ తలూపాడు. ఆ తలూపడం అతన్ని తొమ్మిది రోజులు తిననివ్వలేదు. మాట తొందరలో జారిందని సర్దిచెప్పుకోవచ్చు. తలూపింది మాత్రం అంతా తెలిసే.

పదో రోజు మోటారు షెడ్డుకి వెళ్ళాడు. జక్రయ్య స్టూలు మీద కూర్చుని స్టార్టరు తుడుస్తున్నాడు.

"రండి శివబాబూ."

"తప్పు నాదే జక్రయ్య గారూ. సీసా నేనే సరిగ్గా కడగలేదు." అతన్ని 'గారూ' అని పిలవడం అదే మొదటిసారి.

"నీళ్ళలో ఏం లేదని నాకు తెలుసు బాబూ. ప్రతి డబ్బాలోంచీ కాసిని తీసి బేరియం వేసి చూశాకే మీకు తెచ్చేవాణ్ణి."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా." జక్రయ్య గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నీళ్ళ సంగతి వదిలేయండి. 'వాళ్ళకి' అన్నారు. ఇంటికెళ్ళాక మా వీరమ్మ ఎందుకు మార్చారని అడిగింది. నీళ్ళు బాగాలేవన్నారని చెప్పాను. రెండో మాట మా ఆవిడతో చెప్పలేకపోయాను బాబూ."

మోటారు నడుస్తూనే ఉంది. శివరామకృష్ణ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

శనివారం సెమినార్లో లేచి నిలబడ్డాడు. సీసా సంగతి చెప్పాడు. గ్రాఫు బాగుపడ్డాక తెలిసీ తలూపిన సంగతి చెప్పాడు. తర్వాత తనన్న మాట అన్నట్టే మళ్ళీ అని, అది ఎవరిని ఉద్దేశించి అన్నాడో కూడా చెప్పాడు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. చెంచురామయ్య గారు గొంతు సవరించుకుని, "సరే, ఇవన్నీ ఇప్పుడెందుకయ్యా, తర్వాతి పేపరు ఎవరిది?" అన్నారు.

జక్రయ్యని ల్యాబుకి తిరిగి రప్పించమని అడిగితే ఆయన తనవల్ల కాదన్నారు. ఆ పని శివరామకృష్ణే చేశాడు. ప్రిన్సిపాల్‌కి కాగితం రాసి, ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాడు. ఆగస్టులో జక్రయ్య ల్యాబుకి తిరిగొచ్చాడు. వేళకి నీళ్ళు తెచ్చేవాడు, గాజుసామాను తళతళలాడించేవాడు, ఏదడిగినా మర్యాదగా జవాబిచ్చేవాడు.

అయితే ఆ రోజు నుంచి 'శివబాబూ' అని పిలవలేదు. 'సార్' అనేవాడు. 2005లో థీసిస్ ఇచ్చేసి వెళ్ళేదాకా సారే. మళ్ళీ బాబూ అని పిలవమని అడగాలని శివరామకృష్ణకి రోజూ ఉండేది. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?